నిత్య పుత్రుని కోసం ఐదు ప్రవాసాలు: పునీత అతనాసియుస్ జీవితం



చేతిలో బైబిలు పట్టుకుని మీ ఇంటి తలుపు తట్టి, యేసు గొప్పవాడే గాని దేవుడు కాదని చెప్పినవారు మీకూ ఎదురయ్యే ఉంటారు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన విచారణలో ఒక తల్లి అలాంటి మాటలు విని కలవరపడి నా దగ్గరకు వచ్చింది. తండ్రి తనకంటే గొప్పవాడని ప్రభువే చెప్పినట్లు యోహాను సువిశేషం 14:28లో ఉందట. అంతిమ దినం ఎప్పుడో కుమారునికి కూడా తెలియదని మార్కు సువిశేషం 13:32లో ఉందట. మరి ఆయన దేవుడెలా అవుతాడని వచ్చినవారు అడిగారట. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి గదా! సారం, స్వభావం, వ్యక్తి అంటూ అరగంటసేపు వివరించాను. ఆమె మర్యాదగా విని, సరే ఫాదర్‌గారూ అంది. గుమ్మం దాకా వెళ్లి ఏదో అడగబోయి, అడగకుండానే వెళ్లిపోయింది.

ఆమెకు నేను జవాబు చెప్పలేదని ఆ రాత్రే నాకు అర్థమైంది. ఆమె అడిగింది బైబిలు గురించి. నేను చెప్పింది నా పాఠ్యపుస్తకం గురించి.

నిజానికి ఆ ప్రశ్న కొత్తది కాదు. పదహారు శతాబ్దాల క్రితం ఇవే వచనాలు శ్రీసభనంతా కుదిపివేశాయి. ఆనాడు బైబిలు తెరిచి, వచనానికి వచనంతోనే సమాధానం చెప్పి, ఆ సమాధానం కోసం దాదాపు పదిహేడేళ్లు ప్రవాసంలో గడిపిన పీఠాధిపతి ఒకరున్నారు. ఆయనే పునీత అతనాసియుస్. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాను.

హింసల మధ్య బాల్యం

అతనాసియుస్ ఈజిప్టు దేశంలోని అలెగ్జాండ్రియా నగరంలో సుమారు 298వ సంవత్సర ప్రాంతంలో జన్మించారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ మహానగరం ఓడలకూ గోధుమ వ్యాపారానికీ గ్రీకు పండితులకూ పేరు పొందింది. ఆయన పసివాడుగా ఉండగానే, 303లో డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవులపై ఘోరమైన హింస మొదలుపెట్టాడు. ఈజిప్టులో ఆ హింస ఏళ్ల తరబడి సాగింది. కళ్లెదుటే వేదసాక్షులు ప్రాణాలిస్తుంటే పెరిగిన తరం అది. క్రీస్తు ఎవరన్న ప్రశ్న వారికి పుస్తకాల్లోని వాదం కాదు. ఎవరి కోసం ఇంతమంది చనిపోయారన్నదే వారి ప్రశ్న.

యువకుడైన అతనాసియుస్‌ను ఆ నగర పీఠాధిపతి అలెగ్జాండర్ చేరదీసి, చదువు నేర్పించి, డీకనుగానూ తన కార్యదర్శిగానూ నియమించుకున్నారు. సరిగ్గా అప్పుడే, సుమారు 318వ సంవత్సర ప్రాంతంలో, అదే నగరంలో ఆరియుస్ అనే గురువు ఒక కొత్త బోధ ప్రారంభించాడు. ఆరియుస్ చెడ్డవాడేమీ కాదు. సన్నగా పొడవుగా ఉండి, నిరాడంబరంగా జీవిస్తూ, మధురంగా మాట్లాడేవాడు. తన బోధను పాటలుగా కట్టి, ఓడ పనివారికీ తిరగలి విసిరేవారికీ బాటసారులకూ నేర్పించాడు. ఆ బోధ ఇది: తండ్రి ఒక్కడే అనాది. కుమారుడు అందరికంటే ముందు, అందరికంటే గొప్పగా సృష్టింపబడినవాడు. అయినా సృష్టింపబడినవాడే. ఆయన లేని సమయం ఒకటుండేది.

చెవికి ఎంత సులువుగా తోస్తుందో చూడండి! క్రీస్తును తక్కువ చేసినట్లు కూడా కనిపించదు. అందుకే వేలమంది దానివైపు మొగ్గారు.

నిసియా మహాసభ

కలహం తూర్పు దేశాలన్నిటా పాకింది. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నిసియా నగరంలో పీఠాధిపతుల మహాసభను పిలిపించాడు. నేడు ఆ ఊరిని టర్కీ దేశంలో ఇజ్నిక్ అంటారు. వచ్చిన పీఠాధిపతులు 318 మంది అని సంప్రదాయం చెబుతుంది. పోపు సిల్వెస్టర్ గారి తరఫున ఇద్దరు గురువులు వచ్చారు. అలెగ్జాండర్ పీఠాధిపతి వెంట డీకను అతనాసియుస్ ఉన్నారు.

అక్కడ ఏం జరిగిందో తరువాతి కాలంలో అతనాసియుసే రాశారు. పీఠాధిపతులు మొదట బైబిలు మాటలతోనే సత్యాన్ని ప్రకటించాలనుకున్నారు. కుమారుడు దేవుని నుండి వచ్చినవాడు అందామన్నారు. ఆరియుస్ పక్షంవారు ఒకరికొకరు సైగ చేసుకుని, మేమూ ఒప్పుకుంటాం, సమస్తమూ దేవుని నుండి వచ్చిందని పౌలుగారే రాశారు కదా అన్నారు. ఆయన దేవుని శక్తి అందామంటే, లేఖనాల్లో మిడతల దండు కూడా దేవుని శక్తే కదా అన్నారు. ఏ మాట ముందుపెట్టినా దాని అర్థం మార్చి జేబులో వేసుకున్నారు. అప్పుడు, ఇటూ అటూ వంచడానికి వీల్లేని ఒక మాట కోసం సభ వెదికింది. గ్రీకులో హోమోఊసియోస్ అన్న ఆ మాటకు, తండ్రీ కుమారులది ఒకే స్వభావం అని అర్థం. ఆ మాట బైబిలులో లేదు, నిజమే. కాని బైబిలు చెబుతున్నదాన్ని దొంగిలించకుండా కాపాడే తాళం అది. చివరకు దానికి ఒప్పుకోక నిలిచిపోయిన పీఠాధిపతులు ఇద్దరే.

ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో మీరూ నేనూ నిలబడి చెప్పే విశ్వాస సంగ్రహానికి పునాది ఆ సభలోనే పడింది. 2025లో దానికి 1700 ఏళ్లు నిండాయి.

పీఠం మీద కంటే దారి మీద ఎక్కువ

328లో అలెగ్జాండర్ మరణించగా, సుమారు ముప్పై ఏళ్ల అతనాసియుస్ పీఠాధిపతి అయ్యారు. మహాసభతో గొడవ ముగిసిందని మీరనుకోవచ్చు. అసలు పోరాటం అప్పుడే మొదలైంది. ఆరియుస్ స్నేహితులు చక్రవర్తి కొలువులో చేరి పలుకుబడి సంపాదించారు. బోధ మీద గెలవలేక మనిషి మీద నిందలు వేశారు.

335లో తూరు పట్టణంలో జరిగిన సభలో, అర్సేనియుస్ అనే పీఠాధిపతిని అతనాసియుస్ చంపించి చేయి నరికించాడన్నారు. ఒక ఎండిన చేయిని పెట్టెలో పెట్టి చూపించారు కూడా. అతనాసియుస్ ముసుగు కప్పిన ఒక మనిషిని సభలోకి తీసుకొచ్చి, ముసుగు తొలగించి, ఒక చేయి చూపించి, తరువాత రెండో చేయి చూపించారనీ, మూడోది ఎక్కడ నరికానో మీరే చెప్పండని అడిగారనీ ప్రాచీన చరిత్రకారులు రాశారు. ఆ మనిషి అర్సేనియుసే! అయినా నిందలు ఆగలేదు. రాజధానికి వెళ్లే గోధుమ ఓడలను ఆపుతానన్నాడని మరో నేరం మోపారు. కాన్‌స్టంటైన్ ఆయనను నేటి జర్మనీలోని ట్రియర్ నగరానికి పంపివేశాడు. అది మొదటి ప్రవాసం.

337లో చక్రవర్తి మరణించాక తిరిగి వచ్చిన అతనాసియుస్, 339లో మళ్లీ వెళ్లిపోవలసి వచ్చింది. ఈసారి రోము నగరంలో పోపు జూలియస్ గారు ఆయనకు ఆశ్రయమిచ్చి, నిర్దోషి అని ప్రకటించారు. ఏడేళ్ల తరువాత, 346లో, అలెగ్జాండ్రియా ప్రజలు ఊరి బయటికే వెళ్లి ఆయనకు స్వాగతం పలికారు.

బైబిలు తెరిచి చెప్పిన సమాధానం

ఈ కష్టాల నడుమనే ఆయన ఆరియుస్ బోధకు జవాబుగా గ్రంథాలు రాశారు. వాటిలోని కొన్ని వాదనలను మన మాటల్లో చెబుతాను. మీ బైబిలు పక్కన పెట్టుకుని చదవండి.

యోహాను సువిశేషం మొదటి అధ్యాయం చూడండి. కలిగినదంతా వాక్కు ద్వారానే కలిగిందనీ, ఆయన లేకుండా ఏదీ కలగలేదనీ మూడో వచనం చెబుతోంది. సృష్టి అంతా ఆయన ద్వారా కలిగితే, ఆయన ఆ సృష్టిలో ఒకడెలా అవుతాడు? కుండలన్నిటినీ చేసినవాడు కుండల వరుసలో ఉండడు కదా!

హెబ్రీయులకు రాసిన లేఖ 1:3 కుమారుణ్ణి దేవుని మహిమ నుండి వెలువడే తేజస్సు అంటోంది. అతనాసియుస్‌కు ఎంతో ఇష్టమైన పోలిక ఇది. సూర్యుడు ముందు పుట్టి, వెలుగు కొంతకాలం తరువాత వచ్చిందా? వెలుగు లేని సూర్యుడు ఒక్క క్షణమైనా ఉన్నాడా? అలాగే యిర్మీయా 2:13 దేవుణ్ణి జీవజలాల ఊట అంటోంది. బారూకు 3:12 ఆయనను జ్ఞానపు ఊట అంటోంది. కుమారుడే తండ్రి జ్ఞానం. ఆ కుమారుడు లేని కాలం ఒకటుందంటే, ఆ ఊట ఒకప్పుడు ఎండిపోయి ఉన్నట్లే.

తండ్రి అన్న పేరునే ఆలోచించండి. మనలో ఒక మనిషి ముందు పుట్టి, పెరిగి, పెళ్లి చేసుకుని, ఆ తరువాత తండ్రి అవుతాడు. దేవునిలో ముందూ వెనుకా లేవు. ఆయన తండ్రి అయిన రోజంటూ లేదు. ఆయన అనాది నుండీ తండ్రే. కనుక కుమారుడూ అనాది నుండీ ఉన్నాడు. నిత్య పుత్రుడు అంటే ఇదే.

ఆరియుస్ పక్షంవారు పట్టుకున్న వచనాలకూ ఆయన భయపడలేదు. సామెతల గ్రంథం 8:22లో, ప్రభువు తన్ను సృష్టించాడని దేవుని జ్ఞానం పలుకుతున్నట్లు వారి గ్రీకు బైబిలులో ఉండేది. అతనాసియుస్ ఇలా వివరించారు: అక్కడే, దేవుని పనుల కోసం అన్న కారణం కూడా చెప్పబడింది. మన రక్షణ పని కోసం ఆయన ధరించిన మానవ దేహం గురించిన మాట అది. మూడు వచనాలు దాటితే, కొండలకు ముందే తాను జన్మించానని అదే జ్ఞానం చెబుతోంది. సృష్టింపబడింది ఆయన ధరించిన మానవత్వం. జన్మించినవాడు పుత్రుడు.

కొలొస్సీయులకు రాసిన లేఖ 1:15 ఆయనను సమస్త సృష్టికి తొలిచూలు బిడ్డ అంటోంది కదా అన్నారు. తరువాతి వచనం కూడా చదవమన్నారు అతనాసియుస్. సమస్తమూ ఆయనయందే సృష్టింపబడిందని అక్కడ ఉంది. తండ్రికి ఆయన ఏకైక పుత్రుడు. తన సృష్టి దగ్గరకు దిగివచ్చి మనల్ని తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చేసుకున్నందున తొలిచూలు బిడ్డ.

ఇక ఆ తల్లి తెచ్చిన రెండు వచనాలు. తండ్రి గొప్పవాడన్న మాటలోని పోలిక ఒకే జాతివారి మధ్య జరిగే పోలిక అంటారు అతనాసియుస్. మా నాన్న నాకంటే పెద్దవాడని కొడుకు అంటాడు గాని, మా ఎద్దు కంటే పెద్దవాడని ఎవరూ అనరు! కొడుకు తండ్రి నుండి వచ్చినవాడు కనుక ఆ గౌరవం. తండ్రి ఎంత మనిషో కొడుకూ అంతే మనిషి. అంతిమ దినం తెలియకపోవడం, ఆకలి, అలసట, లాజరు సమాధి దగ్గర కన్నీరు, ఇవన్నీ ఆయన నిజంగా ధరించిన మన మానవత్వానికి చెందినవి. దేవుడు కానందువల్ల ఆయన ఏడ్వలేదు. మనిషయ్యాడు కనుక ఏడ్చాడు. ఫిలిప్పీయులకు రాసిన లేఖ రెండవ అధ్యాయం కూడా ఇదే క్రమంలో నడుస్తుంది. దైవస్వభావంతో ఉన్నవాడు తన్ను తాను తగ్గించుకున్నాడు. మనిషి పైకెక్కి దేవుడు కాలేదు, దేవుడే కిందికి దిగి మనిషి అయ్యాడు.

అర్ధరాత్రి దేవాలయంలో

356వ సంవత్సరం ఫిబ్రవరి నెలలో ఒక రాత్రి, అలెగ్జాండ్రియాలోని తెయోనాస్ దేవాలయంలో విశ్వాసులు జాగరణ ప్రార్థన చేస్తున్నారు. కాన్‌స్టాంటియుస్ చక్రవర్తి సైనికులు వేలాదిగా వచ్చి గుడిని చుట్టుముట్టారు. పారిపొమ్మని అందరూ బతిమాలారు. ఆయన తన ఆసనం మీద కూర్చుని, దేవుని కృప శాశ్వతమని చాటే 136వ కీర్తన చదవమని డీకనుకు చెప్పారు. ప్రజలు పల్లవి అందుకున్నారు. తలుపులు బద్దలయ్యాయి. తన మంద బయటికి చేరేవరకు కదలనని ఆయన పట్టుబట్టారు. చివరకు మఠవాసులు, గురువులు ఆయనను లాక్కుపోవలసి వచ్చింది.

తరువాతి ఆరేళ్లు ఎడారిలోనే. మఠవాసులు ఆయనను ఒక చోటి నుండి మరో చోటికి దాచారు. ఆ కాలంలోనే ఆయన పునీత అంతోని జీవిత చరిత్రా, పవిత్రాత్మ దైవత్వాన్ని గురించిన లేఖలూ రాశారు. బయట పరిస్థితి దారుణం. 359లో రిమినీలో కూడిన నాలుగువందల మందికి పైగా పీఠాధిపతులు, ఒత్తిడికి లొంగి, నిసియా మాటను వదిలేసిన పత్రం మీద సంతకాలు చేశారు. లోకమంతా ఒకవైపు, అతనాసియుస్ ఒకవైపు అన్న నానుడి అందుకే పుట్టింది.

362లో తిరిగి వచ్చాక ఆయన ఏం చేశారో గమనించండి. అంతవరకు యోధుడిలా కనిపించిన మనిషి అలెగ్జాండ్రియాలో ఒక సభ పిలిచి, మాటలు వేరైనా విశ్వాసం ఒకటే అయినవారికి తలుపు తెరిచారు. ఒత్తిడికి లొంగి పడిపోయినవారిని మళ్లీ చేర్చుకున్నారు. ఆయన కలం కఠినమైనదే. ప్రత్యర్థుల మీద ఆయన రాసిన కొన్ని మాటలు చదివితే మనకు నొప్పిగానే ఉంటుంది. పునీతులు పుట్టుకతో మెత్తనివారు కారు. కష్టాలు ఆయనను చేదుగా మార్చకుండా పండించాయి.

అదే ఏడాది జూలియన్ చక్రవర్తి ఆయనను వెళ్లగొట్టాడు. నైలు నదిలో పడవ మీద వెళ్తుంటే భటులు వెంటపడ్డారనీ, ఆయన తన పడవను వెనక్కే తిప్పించగా, అతనాసియుస్ ఎంత దూరంలో ఉన్నాడని వారు అడిగారనీ, దగ్గరలోనే ఉన్నాడు, తొందరగా వెళ్లండన్న జవాబు వచ్చిందనీ చెబుతారు. 365లో వాలెన్స్ చక్రవర్తి కాలంలో ఐదవ ప్రవాసం నాలుగు నెలలు సాగింది. 367లో రాసిన పాస్కా లేఖలో ఆయన నూతన నిబంధన గ్రంథాలు 27 అని వరుసగా పేర్కొన్నారు. నేడు మన బైబిలులో ఉన్నవి సరిగ్గా అవే. 373 మే 2న, సొంత ఊరిలో, సొంత మంచం మీద కన్నుమూశారు. నలభై అయిదేళ్ల పీఠాధిపత్యంలో దాదాపు పదిహేడేళ్లు ప్రవాసమే. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ నిసియా విశ్వాసాన్ని స్థిరపరిచింది. దాన్ని చూడటానికి ఆయన లేరు. మే 2న శ్రీసభ ఆయన పండుగ జరుపుకుంటుంది.

ఆ తల్లి అడగని ప్రశ్న

ఆమె గుమ్మం దగ్గర ఏం అడగబోయిందో నాకు నెల తరువాత తెలిసింది. ఆమె మొదటి బిడ్డ పుట్టిన రెండో రోజునే చనిపోయాడు. గురువు వచ్చే వ్యవధి లేక, బిడ్డ అమ్మమ్మే తలమీద నీళ్లు పోసి, పిత పుత్ర పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానం ఇచ్చింది. పుత్రుడు దేవుడు కాకపోతే, ఆ నీళ్లు నా బిడ్డకు ఏం చేసినట్లు? ఇదీ ఆమె ప్రశ్న.

పాఠకులారా, ఇది అక్షరాలా అతనాసియుస్ ప్రశ్న కూడా. మత్తయి సువిశేషం 28:19లో ప్రభువు, తండ్రి పేరుతో పాటు తన పేరూ పవిత్రాత్మ పేరూ చేర్చి జ్ఞానస్నానం ఇవ్వమన్నారు. సృష్టికర్త పేరు పక్కన సృష్టింపబడినవాని పేరు ఎందుకు చేరుతుందని ఆయన అడిగారు. సృష్టింపబడినవాడు మనల్ని దేవునితో కలపలేడు. తానూ ఆ గట్టునే ఉన్నవాడు మనల్ని ఏరు దాటించలేడు. ఇంటి పనివాడు బయటివాణ్ణి తీసుకొచ్చి ఇంటి బిడ్డను చేయలేడు. ఆ ఇంటి కుమారుడే చేయి పట్టుకుని లోపలికి తీసుకురావాలి. క్రీస్తు దేవుని నిత్య పుత్రుడు కనుకనే, ఆయనతో కలిసి మనమూ పుత్రులం, పుత్రికలం అవుతున్నాం.

ఈసారి నేను తత్త్వశాస్త్రం జోలికి పోలేదు. అమ్మా, నీ బిడ్డ ఎవరో ఒక గొప్ప దూత చేతిలో లేడు, సాక్షాత్తు దేవుని చేతిలో ఉన్నాడు అని మాత్రం చెప్పాను. ఆమె ఏడ్చింది. నా కళ్లూ తడిశాయి. ఒక్క మాట కోసం ఒక మనిషి పదిహేడేళ్లు ఇల్లు విడిచి ఎందుకు తిరిగాడో నాకు ఆ రోజు అర్థమైంది.

రేపు ఎవరైనా మీ తలుపు తడితే కోపపడకండి, పోట్లాడకండి. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, బైబిలు తెరవండి. వారు చూపిన వచనానికి ముందున్నదీ వెనుకున్నదీ కలిపి చదవండి. వచ్చే ఆదివారం పూజలో విశ్వాస సంగ్రహం చెప్పేటప్పుడు, తండ్రితో ఒకే స్వభావం అన్న చోట కొంచెం నెమ్మదించండి. మీ బిడ్డల జ్ఞానస్నానాన్ని తలచుకోండి. ఆ మాటను మన దాకా చేర్చిన పునీత అతనాసియుస్ మన కుటుంబాల కోసం ప్రార్థించుదురుగాక! ఆమెన్.